గొర్రెలకు ఆఫీసు వేళలు

ముందే ఒక మాట. నేను ప్రభుత్వోద్యోగిని, అందులోనూ జూనియర్ అసిస్టెంటుని. మా ఆఫీసు గురించి ఊళ్ళో జనం నవ్వుకుంటూ చెప్పుకునే మాటలేవీ నేను నమ్మను. జరిగింది జరిగినట్టు చెబుతాను. అందులో నవ్వొచ్చేది ఏమైనా ఉంటే అది గొర్రెల తప్పు.

మా ఆఫీసు పూర్తి పేరు 'వ్యవసాయోత్పత్తిలో పర్యావరణ పనితీరు మెరుగుదల భాగస్వామ్య కార్యాలయం'. ఇంత పేరు పట్టే బోర్డు మా తాలూకాలో దొరక్క రెండు బోర్డులు పక్కపక్కన కొట్టించారు. మొన్నటి వేసవి గాలికి రెండోది ఊడిపోయింది. అప్పటినుంచి జనం మమ్మల్ని పనితీరాఫీసు అంటున్నారు. ఆఫీసు ఉండేది పాత విత్తనాల గోడౌనులో. చుట్టూ పెద్ద ఆవరణ ఉంది. ఆ నేలలో పల్లేరు కూడా మొలవదు. నడిమధ్యన 'ఆదర్శ హరిత ప్రాంగణం' అని ఒక రేకు పాతి ఉంటుంది. ఆవరణలో పచ్చగా ఉన్నది ఆ రేకు మీది రంగే.

మా అధికారి కోదండపాణి గారు. చదువుకున్న మనిషి, నిష్ఠ గల మనిషి. మామూలు మాట ఆయన నోట రాదు. దాహం వేస్తే "కొంచెం జలవనరు తెప్పించండి" అంటారు. మా అటెండరు మొదట్లో బావి దాకా వెళ్ళి చూసొచ్చేవాడు, ఇప్పుడు గ్లాసుతో తెస్తున్నాడు.

ఆ వేసవి చివర్లో పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఈ ఋతువు ముగిసేలోగా కనీసం ఒక్క చేనులోనైనా, కనీసం ఒక్క భాగస్వామ్యం ద్వారానైనా, పర్యావరణ పనితీరు మెరుగుపడి తీరాలట. సంచాలకులవారు స్వయంగా వచ్చి చూస్తారట. అది చదివి కోదండపాణి గారు రెండు సార్లు జలవనరు తాగారు. మా ఆఫీసు పెట్టిన నాటినుంచీ మాకు భాగస్వామి అంటూ ఎవరూ లేరు. పక్కనున్న పశువుల ఆసుపత్రివాళ్ళు కూడా మాతో మాట్లాడరు.

ఏం చెయ్యాలో తోచక కోదండపాణి గారు టీ తాగుదామని నన్ను వెంటబెట్టుకుని బస్టాండు దగ్గరికి బయలుదేరారు. అక్కడ పక్క బల్ల మీద ఇద్దరు మాట్లాడుకుంటున్నారు. ఒకడు వన్నూరప్ప. గుట్టకింద ఎర్రనేల చేను ఒకటి ఉంది అతనికి, వేరుశనగ వేస్తాడు. రెండోవాడు లింగప్ప. గొర్రెల కాపరి, భుజాన కంబళి, కాళ్ళ దగ్గర కుక్క.

"లింగన్నా, వానొచ్చేలోపల నా చేన్లో వారం రాత్రులన్నా మంద పండుకోవాల," అంటున్నాడు వన్నూరప్ప. "రెండేండ్లాయ, ఏసిన ఇత్తనం గూడా తిరిగి రాలా. ఈ తూరి గూడా అట్లే అయితే నేనూ మా సుంకమ్మా బెంగుళూరు బస్సెక్కాల్సిందే. ఆడ ఎవురో కట్టే మేడకి ఇటికెలు మొయ్యాల."

"పండుకుంటాదిలే వన్నూరన్నా," అన్నాడు లింగప్ప. "మీ ఇంటి సంగటి తినక ఏడాదాయ."

మా వైపు సంగతి తెలియనివాళ్ళకి చెప్పాలి. లింగప్ప మంద ఏటా వానలకు ముందు మా ఊరి మీదుగా వస్తుంది. పగలంతా బీళ్ళలో మేసిన గొర్రెల్ని రాత్రి ఎవరో ఒకరి చేలో, చుట్టూ వల కట్టి పడుకోబెడతారు. తెల్లారేసరికి చేనంతా పెంటికలు, అంటే చేనికి ఎరువు. దాన్నే మంద కట్టడం అంటారు. రైతులు వంతులు మాట్లాడుకుంటారు. ఆ రాత్రి కాపరులకు రైతు ఇంట్లో రాగి సంగటి. వాన పడగానే మంద కొండెక్కిపోతుంది, మళ్ళీ ఏడాదికి గానీ దిగదు.

కోదండపాణి గారు టీ గ్లాసు బల్ల మీద పెట్టేశారు. లేచి నిలబడి వాళ్ళిద్దర్నీ వేలెత్తి చూపించారు.

"ఇది భాగస్వామ్యం!"

ఇద్దరూ బెదిరిపోయారు. "మేమేం జేసినాం సార్?" అన్నాడు వన్నూరప్ప.

"మీరు చేస్తున్నది జీవ సమన్విత పోషక పునరావృత భాగస్వామ్యం. మీకు తెలియకుండానే చేస్తున్నారు."

"తెలిసే జేస్తాండాం సార్. తాతల కాడినుంచీ చేస్తాండేదే గదా."

"చేస్తున్నారు," అన్నారు కోదండపాణి గారు జాలిగా. "మెరుగుపరచలేదు."

రెండ్రోజుల్లో ఒప్పందం తయారైంది. నేనే టైపు కొట్టాను. అందులో వన్నూరప్ప 'క్షేత్ర భాగస్వామి', లింగప్ప 'సంచార భాగస్వామి', గొర్రెలు 'చతుష్పాద భాగస్వాములు'. పెంటికలు అని రాస్తే బాగుండదని 'ఘన సేంద్రియ పోషక గుళికలు' అని రాశాము. వన్నూరప్ప ఒప్పుకోకపోతే ఆ యేడు రాయితీ విత్తనం రాదని, లింగప్ప ఒప్పుకోకపోతే కొండ మీద మేపుకోవడానికి అనుమతి రాదని ప్రేమగా వివరించాము. ఇద్దరూ స్వచ్ఛందంగా వేలిముద్రలు వేశారు. గొర్రెల తరఫున ఒక పెద్ద పొట్టేలుకు దండ వేసి ఫోటో తీశారు. ఫోటో పూర్తయ్యేలోపు అది దండ తినేసింది. పర్యావరణ హితమైన దండ గనక సరిపోయింది.

ఆ రాత్రికే సుంకమ్మ సంగటి కెలికి, చెనక్కాయల పచ్చడి, అదే ఊరిబిండి, నూరిపెట్టింది. కోదండపాణి గారు అడ్డం పడ్డారు. ఒక భాగస్వామి ఇంకో భాగస్వామికి భోజనం పెడితే ప్రయోజనాల వైరుధ్యం అవుతుందన్నారు.

"అన్నం పెడితే తప్పా సార్? యా ఊరి న్యాయం ఇది?" అంది సుంకమ్మ, గరిటె పట్టుకునే.

"అమ్మా, మీరు భాగస్వామి కారు. భాగస్వామి భార్య. మీ అభిప్రాయాన్ని సంప్రదింపుల దశలో తీసుకుంటాం."

"ఆ దశ ఎప్పుడొస్తాది?"

"అయిపోయిందమ్మా."

కాపరులకు సంగటి బదులు తలా ఒక టోపీ ఇచ్చాము. టోపీ మీద మా ఆఫీసు పేరు సగం దాకా పట్టింది.

అసలు చిక్కు ఆ తరవాత వచ్చింది. మంద కట్టేది రాత్రి. మా ఆఫీసు వేళలు పొద్దున పదిన్నర నుంచి సాయంత్రం ఐదున్నర. అధికారి కళ్ళెదుట జరగని పనిని నివేదికలో ఎలా రాస్తారు? ఈ మాట నేనే ఎత్తాను, ఆ గొప్ప నాది. కోదండపాణి గారు ఒక పూటంతా ఆలోచించి, నాకు ఇప్పటికీ గుర్తుండిపోయే మాట అన్నారు.

"రాత్రి జరిగేది సంఘటన. పగలు జరిగేదే పనితీరు."

దాంతో ఉత్తర్వు వెలువడింది. చతుష్పాద భాగస్వాములు రోజూ పదిన్నరకు చేనులో హాజరు కావాలి. ఒంటిగంటన్నరకు అరగంట భోజన విరామం. ఐదున్నరకు విడుదల. ఆదివారం సెలవు. ఆఫీసు వేళలు దాటాక చేనులో ఉండరాదు.

లింగప్ప తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. "సార్, గొర్రె పగలు మేస్తాది. మాపటికి నెమరేస్తాది. ఏసేది రాత్రి ఏస్తాది. అది దాని తీరు."

"అది పాత తీరు. మనం మెరుగుపరుస్తున్నది దాన్నే."

"పగలు కట్టేస్తే ఎప్పుడు మెయ్యాల సార్?"

"రాత్రి."

"రాత్రి గొర్రెకు కండ్లు కనపడవు, తోడేలుకు కనపడ్తాయి."

కోదండపాణి గారు నావైపు తిరిగి, "తోడేళ్ళు మన భాగస్వాములు కావు, వాటి గురించి రాయవద్దు," అన్నారు.

మొదటి రోజు నేనూ చేనికి వెళ్ళాను. మిట్టమధ్యాహ్నం ఎండ. గుట్టకింద చేను పెనంలా కాలుతోంది. వల మధ్యలో గొర్రెలన్నీ ఒకదాని పొట్టకింద ఇంకొకటి తలదూర్చి నిలబడి అరుస్తున్నాయి. కోదండపాణి గారు గొడుగు కింద కుర్చీ వేసుకుని పరిశీలిస్తున్నారు. భోజన విరామానికి ఆయన టిఫిను డబ్బా తెరిచారు. గొర్రెలన్నీ ఆయనవైపు తిరిగాయి. అంతమంది చూస్తుండగా ముద్ద దిగక ఆయన డబ్బా మూసేశారు. ఆ రోజుకి మాకు కనిపించిన గుళిక ఒక్కటే. దాని చుట్టూ సున్నంతో గుండ్రంగా గీత గీయించి, పక్కన చిన్న జెండా పాతించి, నాలుగు దిక్కులనుంచీ ఫోటోలు తీయించాం. మర్నాడు దాన్ని కాకి పొడిస్తే తెలిసింది, రేగ్గింజ.

"అవి భయపడుతున్నాయి," అన్నారు కోదండపాణి గారు. "సామర్థ్య నిర్మాణం జరగాలి."

శిక్షణా తరగతి పెట్టాము. 'సకాలంలో విసర్జన, సమాజానికి స్పందన' అని పెద్ద ఫ్లెక్సీ కొట్టించాము. అందంగా ఉంటుందని వెనకాల పచ్చిక బయలు బొమ్మ వేయించాను. అదీ నా ఆలోచనే. కోదండపాణి గారు మైకు పట్టుకుని, "ప్రియమైన చతుష్పాద భాగస్వాములారా" అనేసరికి రెండ్రోజులుగా కడుపునిండా మేత లేని గొర్రెలకు ఆ పచ్చిక కనపడింది. మంద మందంతా ఒక్కసారి వేదిక మీదికి వచ్చింది. ఫ్లెక్సీ చిరిగింది, మైకు వైరు తెగింది, అధికారి గారి చెప్పు ఒకటి ఇప్పటికీ దొరకలేదు. 'శిక్షణకు విశేష స్పందన, భాగస్వాములు వేదికపైకి తరలివచ్చారు' అని నివేదిక పంపాము. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

ఇంతకీ పెంటికలు ఎక్కడా పడలేదనుకోకండి. పొద్దున్నే కాసేపు, సాయంత్రం కాసేపు లింగప్ప ఎలాగో మేపుకొస్తున్నాడు. దాంతో చేనికి వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ దారిలో కొన్ని పడేవి. కోదండపాణి గారు ఆ దారి చూసి గుండె పట్టుకున్నారు.

"లీకేజీ!"

వన్నూరప్ప అందుకే ఎదురు చూస్తున్నట్టు గంపా పరకా తెచ్చి, దారిపొడుగునా ఊడ్చి తన చేలో పోసుకోబోయాడు. కోదండపాణి గారు పరిగెత్తి వెళ్ళి గంప పట్టుకున్నారు.

"ఏం చేస్తున్నావయ్యా? ఇవి పరిధి వెలుపలి గుళికలు. వీటిని లోపల వేస్తే కల్తీ అవుతుంది."

"యా పెంటికైనా పెంటికే గదా సార్."

"అలా అనుకునే దేశం ఇలా ఉంది."

వన్నూరప్ప గంప దారిలోనే బోర్లించి, దాని మీద కూచుండిపోయాడు. నాకు కొంచెం బాధేసింది. ఆ నెల నాకు ఇంక్రిమెంటు రావలసి ఉంది గనక పైకి చెప్పలేదు.

ఇక పదిన్నరకు మంద రావడం ఆలస్యమవుతూ ఉండేది. గొర్రెలు దారిలో ముళ్ళకంప కనపడినా ఆగి కొరుకుతున్నాయి. సమయపాలన కోసం కోదండపాణి గారు కొత్త ఏర్పాటు చేశారు. సంచాలకులవారి రాక దగ్గర పడింది కాబట్టి, భాగస్వాములందరూ రాత్రిళ్ళు మా ఆఫీసు ఆవరణలోనే బస చేయాలి. పొద్దున అక్కడినుంచి బయలుదేరదీస్తే ఆలస్యం ఉండదు. గేటుకు తాళం వేస్తాం, తోడేళ్ళ భయమూ ఉండదు.

ఇది విని లింగప్ప ఏదో చెప్పబోయి, వన్నూరప్ప మొహం చూసి మానుకున్నాడు. వాళ్ళకి అప్పుడే అర్థమైందని నేను తరవాత తెలుసుకున్నాను. మాకు అర్థం కావడానికి ఒక రాత్రి పట్టింది.

మర్నాడు పొద్దున ఆఫీసుకి వస్తే గేటు దగ్గరే కాలు జారింది. హరిత ప్రాంగణం నల్లగా ఉంది. వంద మంది కూలీలను పెట్టి చల్లించినా అంత సమంగా రాదు. మా అటెండరు చీపురు అందుకోబోతే కోదండపాణి గారు ఆపారు. పరిధి వెలుపలి గుళికలకు లెక్కాజమా లేదు, వాటి జోలికిపోతే రేపు ఆడిట్‌వాళ్ళు అడుగుతారు, ఎక్కడివి అక్కడే ఉండనిమ్మన్నారు. కాబట్టి ఉండనిచ్చాం. రోజూ పగలు మంద వన్నూరప్ప చేలో ఊరికే నిలబడేది. రోజూ రాత్రి మా ఆవరణలో పనిచేసేది. కొద్దిరోజులకు మేము సీట్ల దగ్గరికి చేరడానికి ఇటుకలు పరుచుకుని, వాటి మీద అడుగులు వేసుకుంటూ వెళ్ళాల్సి వచ్చింది. కోదండపాణి గారు ముక్కుకి రుమాలు కట్టుకుని, చేనులో గుళికలు ఎందుకు పడటం లేదో వివరణ ఇమ్మని పొట్టేలుకు నోటీసు రాయించారు. నోటీసు దాని మెడలో కట్టాం. అదీ తినేసింది. 'నోటీసు అందినట్లు' అని నమోదు చేశాను.

ఒక సాయంత్రం వన్నూరప్ప, సుంకమ్మ, లింగప్ప ముగ్గురూ కలిసి వచ్చారు. పడమట మబ్బు నల్లగా దిగింది. గాలి చల్లగా తగులుతోంది. ఆ గాలికి రైతులందరి మొహాలూ వెలిగే కాలం అది. వన్నూరప్ప మొహం మాత్రం అలా లేదు.

"సార్, మోడం బట్టె," అన్నాడు. "రేపో మాపో వాన. ఒక్క రాత్రి, ఒకే ఒక్క రాత్రి మందను నా చేన్లో పండుకోనీండి. ఎవురికీ చెప్పం."

"చెప్పకపోతే దానికి విలువేముంది వన్నూరప్పా?"

"చేనికి తెలుస్తాది సార్. అది చాలు."

"చేను నివేదిక రాయదు కదయ్యా."

సుంకమ్మ ముందుకొచ్చింది. "సార్, నాకు పెద్ద మాటలు తెలీవు. బెంగుళూర్లో మా చెల్లెలు ఉండాది. రేకుల షెడ్లో పండుకుంటాది, రోడ్డు మీద నీళ్ళకి కొట్లాడ్తాది. నేను పోను సార్ ఆడికి. నా చేను నాకు కావాల." చెబుతూ చెబుతూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కోదండపాణి గారు చెడ్డమనిషి కాదు. ఆయన కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి. రుమాలుతో తుడుచుకున్నారు. "నిబంధన," అన్నారు.

లింగప్ప కంబళి దులిపి భుజాన వేసుకున్నాడు. "నా గొర్రెలు ఎముకలు తేలినాయి సార్. వాన పడినాక నన్ను ఆ దేవుడొచ్చినా ఆపలేడు," అన్నాడు.

మర్నాటి సాయంత్రానికే పడింది వాన. దంచి కొట్టింది. తెల్లారేసరికి లింగప్ప, కుక్క, మంద, దండ తిన్న పొట్టేలు, అందరూ కొండ దారి పట్టారు. గేటు తాళం వేసినట్టే ఉంది, గోడ కూలింది. గుట్టకింద చేలో లింగప్ప వదిలేసిన వల మిగిలింది. దాని నడుమ నేల కడిగిన పళ్ళెంలా ఉంది. మా ఆవరణలో మాత్రం వాన నీరు, పెంటికలు, ఎర్రమట్టి కలిసి మెత్తగా, నల్లగా, వెచ్చగా ఆవిరి కక్కుతోంది.

అదే రోజు సంచాలకులవారి కారు వస్తోందని ఫోను.

కోదండపాణి గారు కుర్చీలో కూలబడ్డారు. చేనులో చూపించడానికి ఒక్క గుళిక లేదు. చూపించనక్కర్లేని చోట మడమలోతు ఉంది. ఆయన కాసేపు కళ్ళు మూసుకుని తెరిచారు. అంత తెలివి ఆయన మొహంలో అంతకుముందు నేను చూడలేదు.

"క్షేత్ర బదిలీ!" అన్నారు. "కాగితం మీద రెండు స్థలాల పేర్లు తారుమారు చెయ్యండి. ఆఫీసు ఆవరణ వన్నూరప్ప చేను అవుతుంది. గుట్టకింద చేను మన ఆఫీసు ఆవరణ అవుతుంది. సంచాలకులవారు ఒక గంట ఉండి వెళ్ళిపోతారు. కాగితం మీదిదేగా."

టైపు కొట్టాను. వన్నూరప్పను పిలిపించాం. సంచాలకులవారు కారు దిగారు. తెల్లటి మనిషి, తెల్లటి బట్టలు, తెల్లటి బూట్లు. దిగిన చోటే బూట్లు పాదాల పైదాకా మునిగాయి. ముక్కుపుటాలు అదిరాయి. కోదండపాణి గారి ప్రాణం పోయినంత పనైంది.

"ఏమిటిది?"

"భాగస్వామ్య క్షేత్రం సార్. ఇదే క్షేత్ర భాగస్వామి వన్నూరప్ప గారి చేను. పనితీరు మెరుగుపడింది సార్."

సంచాలకులవారు వంగి చేత్తో మట్టి తీసి చూశారు. ఆయన వ్యవసాయం చదువుకున్నవారు కాబోలు, మొహం విప్పారింది. "అద్భుతం. ఏమయ్యా వన్నూరప్పా, ఇది నీ చేనేనా?"

వన్నూరప్ప మా అధికారి మొహం చూశాడు. కోదండపాణి గారు అవునని తల ఊపారు, అవుననమని కళ్ళతో బతిమాలారు.

"సార్ చెప్పినారంటే నాదే సార్," అన్నాడు వన్నూరప్ప. "పెద్దసారు గూడా చెప్తే గట్టిపడ్తాది."

"నీదే, నీదే! మేం చెబుతున్నాం!" అన్నారు సంచాలకులవారు, వెంట వచ్చిన ఫోటోగ్రాఫరు వైపు తిరిగి.

"అయితే నేల పదును మీదుంది సార్. ఆలస్యం చేస్తే ఆరిపోతాది."

వన్నూరప్ప వెనక్కి తిరిగి చెయ్యెత్తాడు. కూలిన గోడ సందులోంచి ఎడ్లు లోపలికొచ్చాయి. వాటి వెనక విత్తనం వేసే గొర్రు. దాని వెనక సుంకమ్మ, ఒడినిండా విత్తనాలతో. ఎప్పటినుంచి అక్కడ నిలబడి ఉన్నారో నాకు తెలియదు. కోదండపాణి గారు "ఆగండి" అనబోయారు. ఈలోగా సంచాలకులవారు ఆనందం పట్టలేక చొక్కా చేతులు మడిచి, తానే గొర్రు పట్టుకుంటానన్నారు. మొదటి సాలు ఆయనే తోలారు. అది ఆదర్శ హరిత ప్రాంగణం రేకును పెకలించుకుంటూ, మా సైకిళ్ళ షెడ్డు మీదుగా వంకరగా పోయింది. సుంకమ్మ వెనకాలే విత్తనం వదులుతూ వెళ్ళింది. ఆమె నవ్వు ఆ రోజే మొదటిసారి చూశాను. చాలా పెద్ద నవ్వు.

సాయంత్రానికి ఆఫీసు మెట్ల దాకా విత్తేశారు.

సంచాలకులవారు చేతులు కడుక్కుని సంతోషంగా అడిగారు. "చాలా బాగుంది కోదండపాణి గారూ. మరి మీ ఆఫీసు ఎక్కడ?"

కోదండపాణి గారు నోరు తెరిచారు. కాగితం నా చేతిలో ఉంది. అధికారి గారు ఇబ్బందిలో ఉన్నప్పుడు ఆదుకోవడం నా ధర్మం.

"గుట్టకింద సార్," అన్నాను.

అందరం వెళ్ళాం. చుట్టూ వల కట్టిన బోడి నేల. ఒక మూల కోదండపాణి గారి గొడుగూ, కుర్చీ.

"ప్రహరీ ఉంది, కుర్చీ ఉంది. బోర్డేది?" అన్నారు సంచాలకులవారు. "ఇంత పని చేసిన కార్యాలయం ఇలా ఉండటమేమిటి? రైతు చేను పక్క గోడౌనులో మీ సిబ్బంది మకాం పెట్టారని విన్నాను. పంట ఇంటికొచ్చేదాకా రైతును ఇబ్బంది పెట్టకండి. రేపటినుంచి అందరూ సక్రమంగా మీ ప్రాంగణంలోనే కూర్చోండి. నేను మళ్ళీ వస్తాను, హాజరు చూస్తాను."

ఆ రోజునుంచి మేము గుట్టకింద చేలోనే పనిచేస్తున్నాం. వల చుట్టూ అలాగే ఉంది. పదిన్నరకు లోపలికి వెళతాం. ఒంటిగంటన్నరకు అరగంట భోజన విరామం. ఐదున్నరకు విడుదల. వాన పోయాక ఎండలు మళ్ళీ కాశాయి. ఒకే ఒక్క టార్పాలిను నీడలో ఒకరి భుజం కింద ఒకరం తలదాచుకుని నిలబడుతున్నాం. గుట్ట మీది నుంచి పోయే కాపరులు ఆగి మావైపు చూస్తారు. ఒకసారి లింగప్ప కుక్క ఒక్కటే కొండ దిగి వచ్చి వల చుట్టూ తిరిగి, మమ్మల్ని ఒక మూలకి తోలి వెళ్ళింది.

అక్కడ వన్నూరప్ప పైరు మోకాటి దాకా వచ్చింది. ఊడ వేళ్ళకి గుత్తులు గుత్తులుగా కాయ దిగిందట. ఊరంతా చూసి వస్తున్నారు. బెంగుళూరు మాట ఇప్పుడా ఇంట్లో ఎవరూ ఎత్తడం లేదు. మేము చూడలేదు, ఆఫీసు వేళల్లో బయటికి రాకూడదు.

నిన్న సాయంత్రం విడుదల వేళకి వన్నూరప్ప, సుంకమ్మ ఇద్దరూ చేనికి వచ్చారు. వల పైకెత్తి లోపలికొచ్చి, వన్నూరప్ప నేలంతా ఒకసారి తిరిగి చూశాడు. కాలితో మట్టి కెలికాడు. తరవాత కోదండపాణి గారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వెటకారం లేదు, చాలా మర్యాదగా అడిగాడు.

"సార్, వచ్చేయేటికి ఈ చేన్లో గూడా ఏసుకోవాల. మీరంతా ఇట్లా పగలు పూట నిలబడి పోతాంటే చేనికి ఏం రాదు సార్, గొర్రెల్తో చూసినాం గదా. దయచేసి ఒక వారం రాత్రిళ్ళు గూడా ఈడే పండుకోండి."

"సంగటి నేను చేసి పెడ్తా," అంది సుంకమ్మ. "కడుపునిండా పెడ్తా."

కోదండపాణి గారు ఎర్రబడ్డారు, తెల్లబడ్డారు, చివరికి గొంతు సవరించుకున్నారు. రాత్రి జరిగేది పనితీరు కిందికి రాదని లోగడే తీర్మానమైందని, కాబట్టి ఈ ప్రతిపాదన పరిశీలించడానికి వీలుపడదని చెప్పి, వల కిందినుంచి దూరి ఇంటికి వెళ్ళిపోయారు.

నేను ఉండిపోయాను. సంగటితో పాటు ఊరిబిండి కూడా ఉందన్నారు.